సాక్ష్యం తిన్న బావ

ఏడో తరగతితోనే నాకూ బడికీ ఖలాస్. అలాంటివాడికి అంతర్జాతీయ వాణిజ్య న్యాయశాస్త్రం చదువుతాననే మరదలు దొరికిందంటే, దేవుడికి కూడా నాలాగే వేళాకోళం ఎక్కువన్నమాట. నేను కువైట్‌లో, దజీజ్ గోదాముల నుంచి దుకాణాలకి సరుకు చేరవేసే లారీ నడుపుతాను. మా ఆవిడ చెల్లెలైన ఈ మరదలు కాకినాడలో లా పూర్తి చేసి, అదే దజీజ్‌లో దిగుమతి కాగితాలు చూసే ఆఫీసులో గుమాస్తాగా చేరింది. ఉండేది ఫర్వానియాలో, మా ఫ్లాట్‌లోనే.

మరదలు చెప్పేదాన్నిబట్టి, దేశాల మధ్య వ్యాపారంలో తగువొస్తే ధనిక దేశాలు లాయర్ల దండును దింపుతాయట. పేద దేశాలకి ఆ విద్య తెలిసినవాళ్ళు లేక, ఆ ధనిక దేశాల లాయర్లనే అద్దెకు తెచ్చుకుంటాయట.

"అంటే పెళ్ళి మాటలకి ఆడపిల్లవాళ్ళు మగపెళ్ళివారి మేనమామనే వెంటేసుకెళ్ళడమా?" అన్నాను.

"నీకు బుర్ర లేదని ఎవరన్నారు బావా? కొత్తది కొత్తగానే దాచుకున్నావంతే" అంది.

ఈ లోటు తీర్చడానికే ఐరోపాలో ఒక నిధి ఉంది. మనలాంటి దేశాల పిల్లలు ఆ లా చదవడానికీ పరిశోధన చెయ్యడానికీ ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారు. మరదలు వడపోతలన్నీ దాటి ఆఖరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఇది పోతే మళ్ళీ అడగడానికి వయసు దాటిపోతుంది. ఇంటర్వ్యూ శుక్రవారం మధ్యాహ్నం, ల్యాప్‌టాప్‌లో. ఆ రోజు మాకు సెలవు, వాళ్ళకి పనిరోజు.

వెంటనే ఇంట్లో గురువులు పుట్టుకొచ్చారు. ఒకణ్ణి నేను. రెండోవాడు జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా చేసే రాయచోటి భాయ్. మా ఆవిడ వండే కోడికూర కోసం ప్రతి శుక్రవారం వస్తాడు.

"పాపా, బల్లకవతల కూచున్నోళ్ళు యాడైనా ఒకటే" అన్నాడు భాయ్. "కష్టముండాదని అన్యావనుకో, నువ్వే పెద్ద కష్టమనుకుంటారు. ఏమడిగినా అంతా బాగుండాదను."

అనుభవంతో చెప్పిన మాటే. గదిలో ఏసీ పాడై ఆవకాయ ముక్కలా ఊరుతున్నా, తను 'మామా' అని పిలిచే యజమానురాలు అడిగితే "జైన్ మామా, అంతా బాగుంది" అనే మనిషి. ఇన్నేళ్ళూ అలాగే నెగ్గుకొచ్చాడు.

నేను మా ఆవిడ నల్ల చున్నీ భుజాన వేసుకుని జడ్జినయ్యాను.

"ఏమమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"లేవండీ."

"శభాష్! ఐరోపా అంతా నీదే, తీసుకుపో!"

వారమంతా ఇదే సాధన.

శుక్రవారం వచ్చింది. తెర మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కళ్ళద్దాలాయన. మేం ముగ్గురం మరదలికి ఎదురుగా, కెమెరాకి అందకుండా, వంటగది గుమ్మంలో నిలబడ్డాం. వాళ్ళ ఇంగ్లీషు నా డ్రైవరింగ్లీషుకి బాగానే అందింది. చిన్న వ్యాపారులకి ఎదురయ్యే ఇబ్బందులేమిటని అడిగారు.

"ఇబ్బందులేం లేవండీ. అంతా బాగుంది" అంది మరదలు.

భాయ్ నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

కళ్ళద్దాలాయన నెమ్మదిగా అడిగాడు: "అంతా బాగుంటే మీరిక దేని మీద పరిశోధన చేస్తారు?"

మరదలు నోరు తెరిచింది. సాయం కోసం గుమ్మంలో ఉన్న మా వైపు చూసింది. భాయ్ బొటనవేలు గాల్లోనే ఉండిపోయింది.

"దాన్ని నిలువునా ముంచేశారు కదండీ బాబూ!" అని మా ఆవిడ గరిటెతో నా వీపులో పొడిచింది.

మరదలికి కోపమొస్తే నోటికి అడ్డుండదు. ఆ కోపం తెప్పించడమే నాకొచ్చిన ఏకైక విద్య. ఫ్రిజ్ తెరిచాను.

లోపల మామిడి తాండ్ర ప్యాకెట్ ఉంది. కోనసీమ ఆడవాళ్ళు కొందరు కలిసి మరదలి ఆఫీసు ద్వారా ఇక్కడికి మొదటిసారి పంపిన సరుకు దారిలో ఏదో రేవులో ఆగిపోయింది. మన దేశంలో చేయించిన నాణ్యత పరీక్ష అక్కడ చెల్లదన్నారు. ఎవరిని అడగాలో ఆ ఆడవాళ్ళకి తెలిసేలోపు సరుకంతా ఎండకి కరిగి ముద్దయింది. ముందే కొరియర్‌లో వచ్చిన ఈ నమూనా ఒక్కటే మిగిలింది. మరదలు దాన్ని దేవుడి పటంలా చూసుకునేది, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు.

ఆ ప్యాకెట్ చింపాను. తను చూస్తుండగా ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, ఆనందంగా నమిలాను.

"బావా! చంపేస్తా నిన్ను! అది నా సాక్ష్యం!"

ఐరోపా ఉలిక్కిపడింది. ఏం జరిగిందని అడిగారు. ఇక ఆనకట్ట గేట్లు ఎత్తేసినట్టే. కరిగిపోయిన తాండ్ర, చెల్లని పరీక్ష, ఎవరో రాసిన నిబంధనలు, అన్నీ చెప్పింది. ఆ ఆడవాళ్ళ తరఫున నోరెత్తడానికి ఒక్క మనిషి లేదని, ఆ మనిషి తనే అవుతానని బల్ల గుద్ది మరీ చెప్పింది. ఒకావిడ రాసుకోవడం ఆపి వింటూ ఉండిపోయింది.

చివర్లో కళ్ళద్దాలాయన, "ఆ సాక్ష్యం తింటున్నదెవరో చూడొచ్చా?" అన్నాడు.

నిండు నోటితో కెమెరా ముందుకెళ్ళాను. ఎలా ఉందని అడిగాడు.

"ఎవ్రీథింగ్ గుడ్ సార్. నో ప్రాబ్లమ్."

పాత అలవాటు. ముగ్గురూ పగలబడి నవ్వారు. మరదలు మాత్రం నవ్వలేదు.

కొన్నాళ్ళకి అర్దియాలో సరుకు దించుతుంటే ఫోన్ వచ్చింది. "వచ్చేసింది బావా! ఇచ్చారు!" నేను వేసిన కేకకి దుకాణం ఈజిప్టాయన పరుగెత్తుకొచ్చి, విషయమేంటో తెలియకుండానే "మబ్రూక్! మబ్రూక్!" అంటూ నన్ను కావలించుకున్నాడు. నాకు కొడుకు పుట్టాడనుకున్నాడట.

వెళ్ళేటప్పుడు మరదలు ఆ ప్యాకెట్‌ని బాగా చుట్టి పెట్టెలో పెట్టుకుంది. తగ్గిన ముక్క గురించి అక్కడ ఎవరైనా అడిగితే ఏం చెప్తావన్నాను.

"ఏముంది? రవాణాలో నష్టం అని రాస్తా" అంది.