గవర్రాజు అభ్యంతరాలు

గవర్రాజుకి అభ్యంతరం లేని విషయం ఈ భూప్రపంచంలో లేదు. పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి. అందరి నెత్తిమీదా బరువులు వేలాడదీసిన అలవాటు ఎక్కడికి పోతుంది? మద్దిలపాలెం డిపో వెనకాల కాలనీ సంక్షేమ సంఘంలోనూ అదే పని చేస్తున్నాడని సెక్రటరీ ఉమాశంకర్ ఏడుపు.

సంఘం మీటింగు నెలనెలా రెండో ఆదివారం, పొద్దున్న పదింటికి. పన్నెండు కొట్టేసరికి ఆ హాల్లోకి పిల్లలు డాన్సు క్లాసుకి వచ్చేస్తారు గనక, ఎక్కడిదక్కడ ఆపి లేచిపోవాల్సిందే.

"అందరికీ స్వాగతం" అంటాడు ఉమాశంకర్.

"అబ్యంతరం! అందరూ ఏటి? సగం కుర్సీలు కాళీ!"

ఒకసారి, చనిపోయిన సభ్యుడికి రెండు నిమిషాలు మౌనం పాటిస్తే, నిమిషన్నరకే కూర్చున్నారని గడియారం చూపించి మళ్ళీ నిలబెట్టాడు మహానుభావుడు. టీలో పంచదార తక్కువైందని ఇరవై నిమిషాలు. దోమలమందు మీద ముప్పావుగంట. ఇవన్నీ మినిట్సు పుస్తకంలో రాసిరాసి ఉమాశంకర్ వేళ్ళు కాయలు కాశాయి. "ఈయన్ని సింహాచలం కొండెక్కించి అక్కడే వదిలేసి రావాలి" అని భార్య సూర్యకళ దగ్గర పళ్ళు నూరేవాడు.

ఈ గోలలో ఎజెండాలోని ఏడో అంశం పద్నాలుగు నెలలుగా చర్చకే రాలేదు. అది అధ్యక్షుడు వీరేంద్ర ముద్దుబిడ్డ. 'మన కాలనీ పద్ధతులకి సరిపడనివారికి ఇళ్ళు అద్దెకివ్వరాదు.' ఎంత మర్యాదగా ఉందో చూశారా! కాలనీలో అద్దెకున్న ముస్లింల ఇల్లు ఒక్కటే, మూడో వీధిలో టైలరు షరీఫున్నీసాది. కూతురు షబ్నం పదో తరగతి. వీరేంద్ర ఇంట్లో పెళ్ళికి పద్దెనిమిది జాకెట్లు కుట్టింది ఈవిడే. కొలతలకైతే పడగ్గది దాకా రానిచ్చారు, కాపురానికి మాత్రం వీధిలో పనికిరాదట. థూ! ఆ అంశాన్ని ఒక్క తప్పు లేకుండా టైపు చేసిపెట్టింది ఉమాశంకరే. మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు.

పోయిన నెల గవర్రాజు కంటికి శుక్లాల ఆపరేషనైంది. మీటింగుకి రాలేదు. సభ్యుల మొహాలు వెలిగిపోయాయి. పదీ నలభైకల్లా ఆరు అంశాలూ అయిపోయాయి. ఏడోది చదవబోతుంటే ఉమాశంకర్ ఫోను మోగింది. గవర్రాజు.

"బావా, ఎంతవరకొచ్చింది?"

"ఏడోదండీ."

"సచ్చాం! పన్నెండు దాకా లాగు బావా. ఏదో ఒకటి మాటాడు."

"అంటే... ఇన్నాళ్ళూ కావాలనే చేశారా?"

"మరేటి? నాను సుగరు పేసెంటుని, పంచదారతో నాకేటి పని! ఓటింగెడితే ఓడిపోతాం బావా. ఇరవై మందిలో మనకి ఇద్దరు కూడా లేరు. ఓటు దాకా రానీకూడదంతే. పరీచ్చలెట్టుకుని ఆ పిల్ల ఎక్కడికెల్తాది?"

ఉమాశంకర్‌కి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గంటంపావు మాట్లాడ్డం అతని వల్ల కాదు. పుస్తకం మూసేశాడు.

"నేను రాయను."

"ఏటి రాయవ్?" అన్నాడు వీరేంద్ర.

"ఈ తీర్మానం. ఆవిణ్ణి పొమ్మనేవాళ్ళు ఎవరో వాళ్ళ చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టండి."

వీరేంద్ర పుస్తకాన్ని పక్కాయన ముందుకి తోశాడు. ఆయన కళ్ళజోడు తేలేదన్నాడు. ఆ పక్కాయన తన దస్తూరీ బాగోదన్నాడు. ఇంకొకాయనకి ఇంట్లో నీళ్ళ మోటారు ఆపలేదని అప్పుడే గుర్తొచ్చింది. పొమ్మనడానికి ఇన్ని నోళ్ళున్నాయి గానీ, రాయడానికి ఒక్క చెయ్యి లేచింది కాదు. చివరికి వీరేంద్రే పెన్ను పట్టుకుని, 'తీర్మానం' అని రాసి, చుట్టూ చూశాడు. ఒక్కడూ తలెత్తలేదు. రాసింది కొట్టేశాడు.

"తీసెయ్ ఏడోది" అన్నాడు, మొహం గంటు పెట్టుకుని.

సాయంత్రం గవర్రాజు నల్లకళ్ళద్దాలతో మంచమ్మీద పడుకుని ఇదంతా విన్నాడు. సంతోషిస్తాడనుకుంటే గయ్‌మన్నాడు.

"రాయనంటే సరిపోయేదానికి, పద్నాలుగు నెల్లు నా గొంతు అరగదీయించావు! ఇన్నాళ్ళూ ఏటి సేసావు బావా?"

ఉమాశంకర్ తల దించుకున్నాడు.

"మీ అభ్యంతరాలు రాశానండీ."

కంటికి శ్రమ కలగకూడదని డాక్టరు చెప్పిన మాట మర్చిపోయి గవర్రాజు పగలబడి నవ్వాడు.