రాజమల్లు నెత్తురులో నేను పెట్టిన క్రిములు

సూది లేకుండా, దోమ లేకుండా, ఒక్క పెన్నుతో నేనొక ఆరోగ్యవంతుడికి రక్తం జబ్బు తెప్పించాను. చాలా ఏళ్లయింది. ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి రికార్డుల గదిలో అప్పుడే చేరాను. డాక్టరు రాసిన జబ్బుకు కోడ్ నంబరు వేసి, ఆ షీటును డిశ్చార్జి కాగితానికి కుట్టడం నా పని. జబ్బు కనిపెట్టడం కాదు సుమా! అనుమానముంటే డాక్టరును అడగాలి. మూడు నెలల కోచింగ్ చేసిన మహానుభావుణ్ణి, అడుగుతానా?

బొగ్గుబాయి కార్మికుడు రాజమల్లు జ్వరం తగ్గి ఇంటికి పోతున్నాడు. డాక్టరు ‘వైరల్ జ్వరం’ అని రాశారు. ఫైలులో రక్తపరీక్ష రిపోర్టు మాత్రం ‘బ్యాక్టీరియా పెరిగింది’ అంటోంది. కందకు లేని దురద కత్తిపీటకు పట్టినట్టు, డాక్టరుకు లేని అనుమానం నాకు పట్టింది. ‘సెప్సిస్’ అని, అంటే రక్తంలో క్రిములు చేరి ప్రాణం మీదికొచ్చే జబ్బని, కోడ్ వేసి కుట్టేశాను. బాసర అమ్మవారే చెయ్యి పట్టి రాయించినంత గర్వం!

వారానికి రాజమల్లు భార్యను వెంటబెట్టుకొచ్చి నా బల్ల గుద్దాడు.

“ఏం రాసినవు సారూ? నన్ను బాయిల దిగనిస్తలేరు! నెత్తుట్ల క్రిములున్నోనికి డ్యూటీ లేదంటున్రు!”

“నేనైతే ఈయన కంచం, గిలాస వేరే పెట్టిన,” అంది భార్య లచ్చమ్మ. “అరుగు మీదనే పండబెడుతున్న.”

“నేను మంచిగనే ఉన్ననే!”

“నువ్వు ఊకో. కాగితం అబద్ధమాడుతదా?”

కటికోడి ఇంటికి దారి చూపించే మేకలా, వాళ్లను నేనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

“సెప్సిస్ అని నేను రాసిన్నా?” అన్నారు డాక్టరు.

“లేదు సార్, రిపోర్టుల…”

“ఎన్ని సీసాల రక్తం తీసిన్రు?”

“రెండు సార్.”

“ఎన్నిట్ల పెరిగింది?”

“ఒక్కదాంట్ల.”

“కింద ఏమున్నదో గట్టిగ చదువు.”

చదివాను. “‘చర్మం మీది క్రిమి కలిసి ఉండవచ్చు. రోగి లక్షణాలతో పోల్చి చూడాలి.’”

“సూది గుచ్చేటప్పుడు తోలు మీది క్రిమి సీసాల పడ్డది. ఈయనకు జ్వరం తగ్గింది, నీకు పట్టింది!”

పాత కోడ్‌ను ఒక్క గీతతో కొట్టి, తేదీ వేసి, సంతకం చేసి, ఆయన పాత కాగితం నాకిచ్చి, రాజమల్లుకు కొత్తది ఇచ్చారు.

“తప్పయింది కాకా,” అని చేతులు జోడించాను.

రాజమల్లు కాగితం జేబులో పెట్టుకున్నాడు. లచ్చమ్మ బయటికి పోయేదాకా ఆగి, నా చెవిలో అన్నాడు: “డ్యూటీల కొత్తది ఇస్త గని, గా పాతది సుత నాకియ్యి సారూ. బామ్మర్దులకు చూపెడత. వారమాయె, ఒక్కడు మా ఇంటి దిక్కు తొంగి చూడలే!”

ఇవ్వలేదు. ఆ రోజే ఫైళ్ల అల్మారా మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: డాక్టరు రాయని జబ్బును ఎవరికీ అంటగట్టను. నాకు తుమ్మొచ్చినా సరే, ఆయన సంతకం పడేదాకా అది తుమ్ము కాదు.