దిబ్బలో తెల్లదారాలు

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, ఎనభైల చివర్లో మా ఇద్దరి చేల మధ్య గెనిమ గట్టు మీద నీలగిరి మొక్కలు నాటాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే ఒప్పుకోనని తెలిసే అడగలేదు.

అప్పటికే మా మధ్య మాటలు తక్కువ. నేను పత్రికకు పావగడ వార్తలు రాస్తూ, మంగళవాడ దగ్గర మూడెకరాల్లో వేరుశెనగ వేసేవాణ్ని. వరసగా వానలు తప్పిన ఏళ్లవి. చేనుకు నేను వేయగలిగిన ఎరువల్లా మూలనున్న దిబ్బ: కళ్లం ఊడ్పులు, వేరుశెనగ బుడ్డల పొట్టు, ఎండుటాకు, కాస్త పేడ. రెండు వానాకాలాలు మగ్గనిచ్చి విత్తే ముందు చల్లేవాణ్ని. మొక్కలు నాటిన నాలుగో ఏట, ఈసారి పంట పూర్తిగా దానిమీదే ఆధారపడి ఉంది.

దిబ్బ తవ్వితే పారకు బరువే తగల్లేదు. లోపలంతా తెల్లటి దారాలు. వాటి మధ్య ఎర్రటి సన్నవేర్లు జుట్టులా చిక్కుపడి ఉన్నాయి. గుప్పిట్లో నలిపితే ఎరువు వాసన లేదు, తడిసిన గోనె వాసన.

అన్న గెనిమ మీద నిలబడి వేపపుల్ల నములుతున్నాడు.

"నా దిబ్బలో ఏం పోసినావు?" అన్నాను.

"నాకేం వేరే పని లేదా? పేపరోడివి గదప్పా, నువ్వే రాసుకో పో."

"బూజు పట్టించినావు."

"ఆ, ఇంట్లో పెంచి తెచ్చి వదిలినా. కోడిపిల్లలు చూడు!"

ఆ వారమే వై.ఎన్.హొసకోటలో వేరుశెనగ రైతుల సభ జరిగింది. వార్త కోసం వెళుతూ గుప్పెడు దిబ్బ కవర్లో కట్టుకున్నాను. అన్న మీద సాక్ష్యం దొరుకుతుందని నా ఆశ. వ్యవసాయ కాలేజీ నుంచి వచ్చిన మేష్టారు ఒక వేరు తీసి, దాని కొనకు తొడుగులా పట్టిన తెల్లపొరను గోటితో గీకి చూపించాడు. ఇది తెగులు కాదు, నీలగిరి వేరుతో కలిసి బతికే శిలీంధ్రం అన్నాడు. పొట్టులో, ఆకులో నత్రజని మాంసకృత్తుల్లో బిగుసుకుని ఉంటుందట. దాన్ని చెట్టువేరు నేరుగా అందుకోవడం కష్టం. ఈ దారాలు సందుసందుకూ పాకి, ఎంజైములు వదిలి, మాంసకృత్తులను చిన్న ముక్కలుగా తెంపి పీల్చుకుంటాయి. అందులో కొంత చెట్టుకిచ్చి, బదులుగా చక్కెర తీసుకుంటాయి.

"అంటే నా ఎరువంతా చెట్లు తిన్నాయి."

"అంతా ఇవే తిన్నాయని చెప్పలేను. మగ్గేటప్పుడు కొంత ఎట్లాగూ పోతుంది. వేరుశెనగ గాలి నుంచి కూడా నత్రజని తెచ్చుకుంటుంది, దిగులుపడకండి" అన్నాడాయన. వాన లేని చేలో, ఆ గాలి నత్రజనిని పట్టే వేరుబుడిపెలు ఎంతమాత్రం కడతాయో ఆయనకూ తెలుసు. తర్వాత, "దిబ్బ చెట్లకు ఎంత దూరంలో ఉంది?" అని అడిగాడు.

నేను కవరు మూతి ముడేసి లేచాను.

మా ప్రాంతంలో హద్దు జరపాలనుకున్నవాడు రాయి పీకడు. గెనిమ వారగా దిబ్బ వేసి, ఏటా జానెడు అవతలికి తోస్తాడు. అన్న మొక్కలు నాటాడనే కోపంతో నేనూ అదే చేశాను. నా దిబ్బ ఇప్పుడు అన్న చెట్ల మొదళ్ల మీదే ఉంది.

అయినా ఊరుకోలేదు. మేష్టారు చెప్పిందంతా అన్న ముందు ఒప్పజెప్పి, "నీ చెట్లు దొంగలు" అన్నాను.

అన్న పడీపడీ నవ్వాడు. "నా చెట్టు నీ కళ్లంలోకి వచ్చిందా? నీ దిబ్బే నా చెట్టుకాడికి నడిచి వచ్చినాది. మేపినోడివి నువ్వు, నన్నంటావేంది?"

వేర్లు తెగేలా కందకం తవ్వాలనుకున్నాను. ముందు దిబ్బను తీయాలి. మూడు రోజులు గంపలతో నా చేలోకి మోశాను. ఎత్తినప్పుడల్లా దారాలు పుటుక్కు పుటుక్కుమని తెగాయి. చివరి గంప లేపగానే కింద హద్దురాయి బయటపడింది. దిబ్బ అంచు దాన్ని దాటి రెండు మూరలు అవతలికి పోయి ఉంది.

అన్న వచ్చి రాయి మీద కాలు పెట్టాడు. "ఈడనే ఉండాదా? నాలుగేండ్లాయె దీన్ని చూసి."

మర్నాటికి దానికి సున్నం కొట్టించాడు. రోడ్డు మీద నుంచి కూడా తెల్లగా కనిపించేది.

కందకం రాయికి ఇవతల, నా చేలోనే తవ్వుకోవాల్సి వచ్చింది. మిగిలిన పొట్టు చల్లి విత్తాను. వాన రెండుసార్లు పడి ఆగిపోయింది. వేరుశెనగ మొక్క పసుప్పచ్చగా జానెడు లేచింది. గెనిమ మీద నీలగిరి నల్లపచ్చగా ఊగుతుంటే, అటు వీపు పెట్టి కలుపు తీశాను.