దోసెకు పోయిన రోజు

నా వెనక ఎవరో నడుస్తున్నారని పుంగనూరు బస్టాండు చేరకముందే తెలిసింది. నేను ఆగితే ఆ చెప్పులూ ఆగుతున్నాయి. కర్ర తాటించుకుంటూ కదిలితే అవీ కదులుతున్నాయి. చెవికమ్మల మీదికి చెయ్యి పోయింది.

నీటికాసుల జబ్బు నా చూపును పూర్తిగా తినేసి ఏళ్లయింది. ఒంటరిగానే ఉంటున్నాను. వండుకుంటాను, రేడియో పెట్టుకుని దాంతోపాటు గొంతెత్తి పాడతాను, వారానికోసారి మదనపల్లె బస్సెక్కిపోయి ఎర్రకారం దోసె తిని వస్తాను. ఇంట్లో పోసుకోలేక కాదు. పెనం మీద పిండి పడ్డప్పటి ఆ చుయ్‌మనే చప్పుడూ, చుట్టూ జనం గోలా నాకు కావాలి.

కుప్పంలో ఉద్యోగం చేసే నా కొడుక్కి ఇదే గిట్టదు. మొన్న వచ్చినప్పుడు గట్టిగానే అన్నాడు. "రోడ్డు దాటేదానికి కూడా పరాయోళ్ల సెయ్యి పట్టుకోవాల. ఇదొక బతుకా మా? ఈ నెలాఖరుకు ఇంటికి తాళమేసి నిన్ను తీసకపోతా." నాకు ఒళ్లు మండింది. వాడింట్లో నాకు లోటేమీ ఉండదు. మంచం దిగకుండానే అన్నీ అందుతాయి. నా భయమంతా దానికే.

బస్సెక్కాను. ఆ చెప్పులూ ఎక్కి, వెనకెక్కడో కూర్చున్నాయి. కాసేపటికి దగ్గు వినిపించింది, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న దగ్గు. దొంగ కాదు, నా కొడుకే. ఎడమకాలు కాస్త ఈడ్చే ఆ నడకను ముందే గుర్తుపట్టాల్సింది. నాకు పరీక్ష పెట్టడానికి వచ్చాడన్నమాట. భయం పోయి కోపం వచ్చింది, కోపం వెనకే మళ్లీ భయం. ఈరోజు తడబడ్డానంటే ఇంటికి తాళం పడినట్టే.

మదనపల్లెలో దిగి, రోడ్డు అంచున నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి చాపాను. "ఎవరన్నా ఉండారాప్పా, కొంచెం అవతలికి దాటించండి."

మామూలుగా ఈపాటికి ఎవరో ఒకరు వస్తారు. ఆ రోజు ఎవరూ రాలేదు. టమోటా లారీలు, ఆటోలు, చప్పుడు చేయని కరెంటు బండ్లు. చాపిన చెయ్యి నొప్పెడుతోంది. వాడు వెనకే ఉన్నాడు. పేరుపెట్టి పిలిస్తే చాలు, అంతటితో అయిపోతుంది. పిలవలేదు. గొంతు పెంచి ఇంకోసారి అడిగాను.

ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మాట లేదు. చెమట పట్టిన అరచెయ్యి, చిన్నప్పుడు కొడవలికి తెగి వంకరపోయిన చిటికెన వేలు. హారన్ మోగినప్పుడల్లా బిగుసుకుంటూ, ఆగుతూ, నన్ను అవతలికి చేర్చింది.

"సల్లగుండు నాయనా," అన్నాను. ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు.

దోసె తిన్నాను. కావాలనే రెండోది కూడా చెప్పాను.

సాయంత్రం ఫోన్ మోగింది.

"యాడికన్నా పోయింటివా మా?"

"మదనపల్లెకు."

"రోడ్డెట్లా దాటినావు?"

"ఎవరో ఒకాయప్ప దాటించినాడు. పాపం, ఆయప్ప సెయ్యే సెమట పట్టిండె. నాది కాదు."

తాళం సంగతి ఎత్తుతాడని ఫోన్ చెవికి అదిమి పట్టుకుని కూర్చున్నాను.

"దోసె బాగుండిందా?" అన్నాడు చివరికి. "వచ్చేవారం నేనూ రానా మా?"

"రా. ఈసారి ఎనక కాదు, పక్కన నడువు."