ఇత్తడి పంకా

మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు. సూర్యాపేటలో మా ఇంటి ముందు అరుగే ఆయన దుకాణం. వెంట్రుకంత స్ప్రింగును చిమ్టాతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి లోపల కూర్చోబెడుతుంటే నేను గిన్నె చప్పుడు కూడా చేసేదాన్ని కాదు. ఆ వేళ్ల మీదే మా ఇల్లు నడిచేది.

పోలీసు యాక్షన్ అయిపోయిన మరుసటి ఏడాది అది. ఊళ్లో మిలిటరీ క్యాంపు, పల్లెల్లో కమ్యూనిస్టుల కోసం సోదాలు. పొద్దున బజారుకు వెళ్లినవాడు పొద్దుగూకేసరికి ఇల్లు చేరితే ఆ రోజుకు గట్టెక్కినట్టే. అలాంటి రోజుల్లో ఈ మనిషికి విమానం పిచ్చి పట్టింది! యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక సిపాయి చేతిగడియారం బాగుచేయించుకుని, గుప్పెడంత ఇంజనొకటి ఆయన చేతిలో పెట్టి పోయాడు. బొమ్మ విమానానికి బిగించేదట. దాని ముందు తిరిగే పంకా మాత్రం లేదు.

ఇక చూడండి నా తిప్పలు. కిరోసిన్, ఆముదం, దవాఖానా కంపౌండరును బతిమాలి తెచ్చిన ఈథర్ కలిపి దానికి తాగించేవాడు. ఇల్లంతా దవాఖానా వాసన. పంకా కోసం మిర్యాలగూడలో ఉన్న చిన్ననాటి స్నేహితుడు, చెక్కపని చేసే వడ్లాయన దగ్గరికి పోయి మూడు రకాలు చెక్కించుకొచ్చాడు. పొడుగుది పెడితే ఇంజను దగ్గి ఆగిపోయింది. పొట్టిది పెడితే చెవులు చిల్లులు పడేట్టు అరిచింది. క్యాంపుదాకా వినబడుతుందని పరుగెత్తి వీధి తలుపు మూశాను. జానెడుది సరిగ్గా కుదిరింది. అప్పుడు చూడాలి ఆయన మొహం! వారం తిరక్కుండా ఇంజను వెనక్కి తన్ని అదీ చీలిపోయింది.

మళ్లీ మిర్యాలగూడ. మధ్యాహ్నానికి వస్తానన్నవాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. నేరేడుచర్ల దగ్గర మిలిటరీవాళ్లు బస్సు ఆపి, పక్క సీట్లో మనిషిని దింపుకుపోయారట.

"ఆయన సంచి నా ఒళ్లెనె ఉండిపోయిందే" అన్నాడు.

సంచిలో రెండు జామకాయలు, ఒక పసిపిల్ల గౌను ఉన్నాయి. ఎవరికివ్వాలో మాకు తెలియలేదు.

ఆ కొత్త పంకా కూడా నాలుగు రోజులకే విరిగింది. "జర పోయొస్త. ఈసారి గట్టి కట్టెతోటి చెక్కిస్త" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. కోదాడ పిల్లను, నా నోరు ఊరుకుంటుందా! "మళ్లీ ఆ బస్సెక్కారంటే నేను మా పుట్టింటికి వెళ్లిపోతా. మీరూ మీ కట్టెముక్కలూ ఊరేగండి" అన్నాను. పెళ్లికి మా అమ్మ పెట్టిన ఇత్తడి పళ్లెం తెచ్చి ఆయన ముందు పడేశాను. "దీంతో చేసుకోండి. జన్మలో విరగదు."

ఆయన పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇత్తడిది వద్దే. అంచు కోస్తది. కట్టెదైతె అదే ఇరుగుతది గని మనిషికేం గాదు."

"రోడ్డు మీద మనిషికి ఏమైనా పర్లేదా?" అని ఏడ్చాను. నా ఏడుపు చూడలేకే ఒప్పుకున్నాడు.

రెండు రోజులు కూర్చుని పళ్లెం అడుగు కోసి, వంచి, ఆకురాయితో రాకాడు. తళతళా మెరుస్తుంటే నేనే మెచ్చుకున్నాను. బస్సు గొడవ వదిలిందని కడుపునిండా అన్నం తిన్నాను కూడా.

మర్నాడు పెరట్లో ఇంజనును చెక్కకు బిగించి, ఎప్పటిలాగే వేళ్లతో పంకాను కొట్టి తిప్పాడు. ఒకసారి దగ్గింది. రెండోసారి వెనక్కి తన్నింది. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను. ఆయన అరవలేదు. "గుడ్డ తే" అన్నాడు, అంతే. చేటలో బియ్యం మీద ఎర్రటి చుక్కలు పడితే గానీ నేను తలెత్తలేదు.

దవాఖానాలో కుట్లు వేశారు. చూపుడువేలు, నడిమివేలు మానాయి గానీ మళ్లీ వంగలేదు. అడిగినవాళ్లందరికీ "నా చెయ్యే జారింది" అని చెప్పాడు. పళ్లెం మాట ఒక్కరితోనూ అనలేదు.

కట్టు విప్పిన వారానికి ఒకాయన గడియారం పట్టుకొచ్చాడు. మా ఆయన మూత తీశాడు. చిమ్టా మూడుసార్లు జారి కింద పడింది. నాలుగోసారి దాన్ని తీయలేదు. మూత బిగించి, గడియారం అట్లాగే తిరిగిచ్చేశాడు. వచ్చినాయన అరుగు దిగేదాకా ఆగి, గడపలో నిలబడ్డ నన్ను చూసి నవ్వాడు.

"నువ్వన్నట్టె ఇంట్లనె ఉన్న గద" అన్నాడు.

ఓదార్చడానికి అన్నాడో, దెప్పడానికి అన్నాడో, ఆయన ఉన్నన్నాళ్లూ అడిగే ధైర్యం నాకు రాలేదు.