చలవకు తాగిన రసం

ధనభాగ్యమ్మకు ముట్టు నిలిచి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఉన్నట్టుండి గుండెల్లో పుట్టిన సెగ మొహానికి ఎగదన్నేది. నడుము గంపంత అయింది.

"ఒంట్లో వేడక్కా! చెరుకు రసం తాగు, చలవ" అంది తోడి కూలి నాగులమ్మ.

చిత్తూరు పక్కన గానుగలో బెల్లం వండే మనిషికి రసానికేం కొదవ? పూటకో చెంబు తాగింది. తాగేకొద్దీ దాహం. పాడు పొయ్యి వేడి అనుకుంది.

ఆ పొద్దు తెడ్డు మీది పాకం జారి పాదం మీద పడింది. నాగులమ్మ కేక పెట్టేదాకా ఆమెకు తెలియనే లేదు. తోలు బొబ్బలెక్కుతుంటే ఎవరి కాలో చూసినట్టు చూసింది. మంట లేదు. అందుకే నాగులమ్మను తోడు తీసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గాజు గొట్టంలో నీలం మందు పోసి, ధనభాగ్యమ్మ ఉచ్చ నాలుగు చుక్కలు కలిపి, దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చయింది, పసుపయింది, చివరికి ఎర్రగా చిక్కబడింది. ఇరవై ఏళ్లుగా రంగు చూసి పాకం దించిన మనిషి నోరు తెరిచింది.

"ఇది నాదేనా తల్లీ? బెల్లం మాదిరి ఉండాదే!"

"చక్కెర జబ్బమ్మా. కాలు మొద్దుబారింది దానివల్లే. రోజూ ఏం తాగతా ఉండావు?"

దారిలో దాహానికని తెచ్చిన రసం చెంబును నాగులమ్మ కొంగు కింద దాచుకుంది.