కుక్కకు పెరుగన్నం పెట్టిన వీధి

మా వీధిలో చదువుకున్నవాళ్ళు లేరని నేను అనను. డిగ్రీలున్నవాళ్ళు ఇంటికొకరున్నారు. చదివేవాళ్ళే లేరు. మా ధర్మవరం గ్రంథాలయానికి వచ్చేవాళ్ళలో సగంమంది ముఖం మీద పేపరు కప్పుకుని ఫ్యాను కింద కునుకు తీయడానికి వస్తారు. మిగతా సగం ఉద్యోగ ప్రకటనలు చూసుకుని పోతారు. పదో తరగతితో బడి మానేసి మగ్గంలో కూర్చున్న నేను మాత్రం అక్కడి అల్మారాలను ఒక మూల నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ వచ్చాను. వ్యవసాయం అల్మారాలో, కోళ్ళ పెంపకానికీ పట్టుపురుగుల పెంపకానికీ మధ్య, కుక్కల గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇరుక్కుని ఉండేది. నాకంటే ముందు దాన్ని ఎవరూ తీసుకున్న గుర్తు లేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. అందుకే కుక్కను వెంటబెట్టుకుని జర్మనీకి పోవలసి వచ్చినప్పుడు, ఊళ్ళో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యాను.

జర్మనీ సంగతి నా భార్య వల్ల వచ్చింది. ఆమెది గార్లదిన్నె పక్క పల్లె. నర్సు. ఆ దేశపు భాష నేర్చుకుని, పరీక్షలు రాసి, అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుని ముందుగా వెళ్ళిపోయింది. వెనక నేను వెళ్ళాలి, నాతోపాటు కుక్క రావాలి.

"ఏమప్పా, పెండ్లాం ఎనకాల పోతాండావంట?" అని వీధిలో నవ్వేవాళ్ళు.

"కుక్కా నేనూ ఇద్దరం పోతాన్నాం" అనేవాణ్ణి.

"కుక్కకు ఇమానమా! మాకే లేదే!"

ఈ హాస్యం నెలల తరబడి సాగింది. ఒకడు కుక్కకు కిటికీ పక్క సీటు ఇప్పించమన్నాడు. ఇంకొకడు దానికి ప్యాంటు కుట్టిస్తానన్నాడు. మరుసటిరోజు ఇంకెవడో వచ్చి అదే మాట కొత్తగా కనిపెట్టినట్టు చెప్పేవాడు. ఒకే బొమ్మను జీవితమంతా చీర అంచుల్లో నేసేవాళ్ళకు ఒకే హాస్యం చాలదా అనుకునేవాణ్ణి.

అది వీధికుక్క. పసుపురంగు ఆడకుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఎండకు తాళలేక మా మగ్గం గుంతలోకి దిగి పడుకుంది. మాది గుంత మగ్గం. నేసేవాడు నేల అంచున కూర్చుని కాళ్ళు గుంతలోకి దించి కింది చెక్కలు తొక్కుతాడు. నా పాదాల పక్కన చల్లటి మట్టిలో అది పెరిగింది. మగ్గం చప్పుడు ఆగితే లేచేది, మళ్ళీ మొదలైతే పడుకునేది. పేరు పెట్టలేదు. "దా" అంటే వచ్చేది. అంతకు మించిన పేరు దానికి అవసరం కాలేదు. నా భార్య రాత్రి డ్యూటీల నుంచి తిరిగివచ్చే వేళకు అది వీధి చివరిదాకా ఎదురు వెళ్ళేది. ఫోనులో ఆమె నాతో చెప్పింది ఒకే మాట: "దాన్ని ఇడిసిపెట్టి వస్తే నువ్వు గూడా ఆడ్నే ఉండు."

కుక్కను ఆ దేశానికి తీసుకుపోవాలంటే ఒక వరుస ఉంది. ముందు మెడ చర్మం కింద బియ్యపుగింజంత గుర్తింపు చిప్ వేయించాలి. ఆ తర్వాతే పిచ్చికుక్క రోగానికి టీకా. ఆ తర్వాత రక్తపరీక్ష. అది బాగుంటే ఆపైన కొన్ని నెలలు ఆగాలి. వరుస తప్పితే మొదటికి వస్తుంది. ఇది నేను విప్పి చెప్పని మనిషి లేడు, విన్న మనిషీ లేడు. మా దగ్గరి పశువుల దవాఖానాలో సహాయకుడికి చెబితే తల ఊపి లోపలికిపోయి, గొర్రెల చెవులకు కొట్టే పసుపుపచ్చ బిళ్ళ పట్టుకొచ్చాడు.

"చిప్పు గిప్పు అంటే ఇదే కదన్నా. ఒక్క దెబ్బ. అయిపోతాది."

అతని చేతిలోంచి కుక్క చెవి విడిపించుకుని బెంగళూరుకు పోయి చిప్ వేయించాను.

నా బావమరిది ఈ కథలో ఉండక తప్పదు. నా భార్యకు తమ్ముడు. గార్లదిన్నె దగ్గర వేరుశనగ చేను ఉంది, బాడుగకు తిప్పే కారు ఉంది, అభిప్రాయాలకు లోటు లేదు. చేను మీద అడవిపందులు పడుతున్నాయని అతనికి మొదటి నుంచి నా కుక్క మీద కన్ను.

"బావా, అది ఆడ మంచులో సచ్చిపోతాది. నాకియ్యి. చేన్లో కట్టేస్తా. రాజాలెక్క ఉంటాది."

చేలో కట్టేసిన అతని కుక్కలను నేను చూశాను. గొలుసు పొడవెంతో వాటి లోకం అంత. ఎండలో నీళ్ళ చట్టి ఎండిపోయి ఉంటుంది. అరవడం తప్ప వాటికి వేరే పని ఉండదు. పందులు మాత్రం వస్తూనే ఉంటాయి. కుక్కను కట్టేస్తే అది కాపలా కాయదు, భయపడుతుంది అని పుస్తకంలోది చెప్పాను. "పుస్తకం రాసినోనికి శెనక్కాయ చేనుందా?" అన్నాడు. అతని వాదన ఎప్పుడూ ఆ ఎత్తులోనే ఉంటుంది.

విమానంలో కుక్క ప్లాస్టిక్ పెట్టెలో ప్రయాణం చేయాలి. ముందువైపు ఇనుప జాలీ తలుపు. పెట్టె తెచ్చి వసారాలో పెడితే కుక్క దాని చుట్టూ తిరిగి మొరిగింది. లోపల రొట్టె వేశాను, నా పాత లుంగీ పరిచాను. తల దూర్చి రొట్టె లాక్కుని బయటపడేది. వీధి మొత్తం వచ్చి సలహాలిచ్చింది. తోసి తలుపేయమన్నవాడొకడు. కల్లు పట్టించమన్నవాడొకడు. నేను నేసిన చివరి చీర మగ్గం మీంచి కోసి ఇచ్చేశాక, మగ్గం కింది చెక్కలు ఊడదీసి, పెట్టెను గుంతలోకి దించాను. ఏ జంతువైనా తనదనుకున్న చోటే నిద్రపోతుందని చదివిన గుర్తు. ఆ మధ్యాహ్నమే కుక్క గుంతలోకి దిగి, పెట్టెలోకి దూరి, కాళ్ళు ముడుచుకుని పడుకుంది. నేను పైన కూర్చుని ఉత్త మగ్గంతో చప్పుడు చేస్తూ ఉండిపోయాను. కొన్నాళ్ళకు తలుపు మూసినా లేవలేదు.

పక్కింటి పిన్నమ్మ తొంగిచూసింది. మాకు చుట్టం కాదు, వీధి మొత్తానికి పిన్నమ్మ. ఇంట్లో కూర్చుని మగ్గాలకు పట్టుదారం కండెలు చుడుతుంది.

"ఏమబ్బీ, బతికున్న కుక్కను పూడ్సిపెడతాండావా?"

"నేర్పిస్తాన్నా పిన్నమ్మా."

"గుంతలో పండుకునేది గూడా నేర్పిచ్చాల్నా?" అని పెద్దగా నవ్వి, వెళ్ళి వీధి అంతా చెప్పి వచ్చింది.

ఇక ప్రయాణం. మా వీధిలో ఒక ఆచారం ఉంది. దూరం పోయే మనిషి ఇంటింటా ఒక ముద్ద తిని గడప దాటాలి. పెరుగన్నం ఉంటే మరీ మంచిది. తినకుండా పోతే పోయిన పని కాదని నమ్మకం. కాలేజీకి పోయే పిల్లలకు కూడా మెతుకు మెతుకు తినిపించి బస్సులో వాంతులు చేయించే వీధి ఇది. అందుకే ముందుగానే అందరినీ పిలిచి చెప్పాను. విమానం ఎక్కే రోజు కుక్క కడుపు ఖాళీగా ఉండాలి. మూసిన పెట్టెలో వాంతి చేసుకుంటే ఊపిరాడక చస్తుంది. నాకు ఎంతైనా తినిపించండి, దానికి మాత్రం నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దు.

"అయ్యో, మాకు తెల్దా!" అన్నారు అందరూ.

వాళ్ళ అర్థం ఏమిటో నాకు తర్వాత తెలిసింది. నేను ఆ మాట చెప్పింది పక్కింటివాళ్ళకేనని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. తమ ఒక్క ముద్ద లెక్కలోకి రాదని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. నేను స్నానం చేసి, గుడ్డలు సర్ది, బావమరిది కారులోకి సామాను ఎక్కించేలోపు కుక్క వీధి చివరిదాకా వెళ్ళి వచ్చింది. నెలల తరబడి దాన్ని చూసి నవ్వినవాళ్ళు ఆ పొద్దున అందరూ దాని తల నిమిరారు. అది చూసి నాకు అనుమానం రావలసింది. వీళ్ళు చేతిలో ఏమీ లేకుండా ఎవరి తలా నిమరరు.

డిక్కీ తెరిచినప్పుడు లోపల మూలన కొత్త గొలుసు కనిపించింది. మెరుస్తూ ఉంది.

"ఇదెందుకు?"

"ఉండనీ బావా. యాల ఎట్లుంటాదో."

పెనుకొండ దాటాక పెట్టెలోంచి చప్పుడు వచ్చింది. కారు ఆపించి తలుపు తీసేసరికి మా వీధి మొత్తం పాత లుంగీ మీద పడి ఉంది. పెరుగన్నం పిన్నమ్మది, కరివేపాకు గుర్తుపట్టాను. బెల్లం పూర్ణంతో ఓళిగ ముక్కలు ఎదురింటివి. సంగటి ఉంది. మటన్ ఎముక కూడా ఉంది, అది పెళ్ళికి చందా అడిగినా ఇవ్వని ఇంటిది. ఒక్కొక్క ఇంటినీ పేరుపేరునా చెప్పగలను. అంత ప్రేమ ఒక్కసారిగా చూడడం నాకు అదే మొదలు. కడిగి, తుడిచి, మళ్ళీ ఎక్కించాను.

బెంగళూరు విమానాశ్రయం దగ్గర జంతువులను తనిఖీ చేసే కార్యాలయంలో డాక్టరమ్మ దాని కడుపు నొక్కింది. మిగిలింది కూడా బల్ల మీదికి వచ్చింది.

"ఈ హొత్తు పంపడానికి కాదు" అంది కన్నడం కలిసిన తెలుగులో, ఈ రోజుకు కుదరదని.

ఇది జబ్బు కాదని, తిండి ఎక్కువై వచ్చిన వాంతి అని, టీకాలూ రక్తపరీక్షా అన్నీ వరుసలో ఉన్నాయని చెప్పాను. పుస్తకంలో చదివిన ఇంగ్లీషు మాటలు కూడా వాడాను.

"జబ్బు కాదు, నాకూ తెలుసు. పైన పెట్టెలో మళ్ళీ చేస్తే ఎవరు తలుపు తీస్తారు? మీరా?"

వీధికి నేను చెప్పిన మాటనే ఆమె నాకు చెప్పింది. మా వీధి పెట్టిన ముద్దల మూలంగా నా పాఠం నేనే కూర్చుని వినవలసి వచ్చింది.

బయట బావమరిది అప్పటికే డిక్కీ తెరిచి పెట్టుకున్నాడు.

"బావా, నువ్వు పో. అక్క ఆడ ఒంటిగా ఉండాది. టికెట్టు పోగొట్టుకోవద్దు. దీన్ని నేను తీస్కపోతా." గొలుసు చేతిలోకి తీసుకున్నాడు. "రెండు దినాలు ఏడుస్తాది. మూడోనాడు మర్సిపోతాది."

కుక్క నా కాళ్ళ మధ్య కూర్చుని ఉంది. వాంతి చేసుకుని నీరసంగా, నా మగ్గం కింద కూర్చున్నట్టే కూర్చుంది. ఆ గొలుసు చూసి తోక కూడా ఊపింది. గొలుసంటే ఏమిటో దానికి తెలియదు. దాని మెడకు ఎప్పుడూ ఏదీ కట్టలేదు.

నా భార్యకు ఫోను చేశాను. మొత్తం విని, "ఎవురు పెట్టినారు?" అని మాత్రం అడిగింది. "అందరూ" అన్నాను. "ఇద్దరూ ఇంటికి పోండి. ఇంగోసారి రండి. ఈసారి నోరు మూసుకొని రండి" అంది.

తిరుగుప్రయాణంలో రోడ్డు మీద గుంతలు వచ్చినప్పుడల్లా గొలుసు డిక్కీలో చప్పుడు చేస్తూ వచ్చింది.

వీధిలో కారు దిగేసరికి జాతర. ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. ఎదురింటివాళ్ళు సంగటి వల్ల అన్నారు. సంగటి పెట్టినవాళ్ళు మటన్ అన్నారు. మటన్ పెట్టినవాళ్ళు కారు తోలడం బాగాలేదన్నారు. అందరికంటే పెద్దమాట పిన్నమ్మ అంది.

"చూసినావా అబ్బీ? నా పెరుగన్నం తిని పొయినందుకు అదే నిన్ను పైకి పోకుండా ఆపింది. లేకుంటే ఆ ఇమానం ఏమైపోయుండునో!"

ఆ విమానం క్షేమంగా దిగింది. అది చెప్పాను. "నువ్వు లేవు కదా, అందుకే" అంది. ఇలాంటి బుర్రతో వాదించడానికి ఏ అల్మారాలోనూ పుస్తకం లేదు. లోపలికిపోయి తలుపేసుకున్నాను.

రెండోసారి ఎవరికీ చెప్పలేదు. కాగితాలు మళ్ళీ చేయించుకుని, బావమరిదిని కాకుండా అనంతపురం నుంచి వేరే కారు మాట్లాడి, మగ్గాలన్నీ జోరు మీద ఉండే పట్టపగలు బయలుదేరాను. ఆ చప్పుడులో వీధిలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పెట్టె మీద చీర మూటలు కట్టే పాత దుప్పటి కప్పాను. చెప్పకుండా గడప దాటడం మా దగ్గర చావు ఇంటికి పోయేవాళ్ళు మాత్రమే చేస్తారు. నాకు అదే నయమనిపించింది.

పిన్నమ్మ మాత్రం కండెల రాట్నం వదిలి గడపలోకి వచ్చింది.

"యాడికబ్బీ?"

"పశువుల దవాఖానాకు."

"దానికి బాగలేదా?"

"ఊఁ."

"ఉండు, వస్తా" అని లోపలికి పరిగెత్తింది. ఏం తేవడానికో నాకు తెలుసు. డ్రైవర్‌ను పొమ్మన్నాను. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూస్తే, స్టీలు గిన్నె పట్టుకుని వీధి మధ్యలో నిలబడి ఉంది. ఎండకు గిన్నె మెరిసింది. వేగంగా పొమ్మన్నాను.

కుక్క ఖాళీ కడుపుతో విమానమెక్కి ఖాళీ కడుపుతో దిగింది. పెట్టెలో గుడ్డ పొడిగా ఉంది. నా భార్య విమానాశ్రయంలో నన్ను పలకరించడానికి ముందు దాని ముందు నేల మీద కూర్చుంది.

ఇక్కడి జనం గురించి గొప్పగా చెప్పడానికి కూడా నాకు పెద్దగా ఏమీ లేదు. కుక్కలకు స్వెటర్లు వేస్తారు. వాటి పుట్టినరోజులు చేస్తారు. మెట్ల మీద ఎదురైన ముసలమ్మ కుక్కతో అరగంట మాట్లాడుతుంది, నా వైపు చూడదు. అయితే ఒకరోజు చేతిలో బిస్కెట్టు పెట్టుకుని, "ఇవ్వవచ్చా?" అని అడిగింది. నేను వద్దన్నాను. బిస్కెట్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. అంతే. ధర్మవరంలో ఇది జరుగుతుందంటే ఎవరూ నమ్మరు.

వచ్చిన వారానికి పిన్నమ్మ ఫోను చేసింది. తిట్టడానికే చేసింది. దొంగ మాదిరి పోయినావనింది, వీధికి మర్యాద లేకుండా చేసినావనింది. నేనెలా ఉన్నానని అడగలేదు, నా భార్య ఎలా ఉందని అడగలేదు. చివరికి, "అది తింటాండాదా?" అంది.

తింటోందన్నాను. వేళకు, తూచి, పెట్టవలసింది పెడుతున్నామన్నాను.

"తూచి పెడతారా! పాపం ముండ" అని, స్పీకరు పెట్టమంది. పెట్టాను. "దా దా దా దా" అంటూ గిన్నె మీద గరిటెతో కొట్టింది.

సోఫా కింద పడుకున్న కుక్క లేచి, చెవులు నిక్కబొడుచుకుని, తలుపు దగ్గరికి పరిగెత్తి, మూతి తలుపు సందుకు ఆనించి తోక ఊపుతూ నిలబడింది. దాన్ని విమానమెక్కనీయకుండా చేసిన అన్నం గిన్నె అదే, ఆ గొంతు అదే. ఫోను పెట్టేసినా చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

కుక్కల మీద నేను చాలా చదివాను. వాటికి బొత్తిగా సిగ్గుండదని ఎక్కడా రాయలేదు.